కిరాయి లేని టెంటు

శాలిబండ మెయిన్ రోడ్డు, ఉదయం. రోడ్డు మధ్యలో పైపులైను గుంత, రోడ్డు అంచున కాశమ్మ ఇల్లు. గుమ్మంలో కాశమ్మ, గుంత పక్కన పైపుల పని చూసే సూపర్‌వైజరు రాజన్న.

“మూసేస్తున్నవా? ఏంది రాజన్నా, మూసేస్తున్నవా?”

“మూస్తున్న పెద్దమ్మా. జర పక్కకు జరుగు, మట్టి పడ్తది.”

“పడనీ. మా దిక్కు నల్లా ఏది?”

“వస్తది.”

“ఎప్పుడు?”

“వస్తది అన్న కద.”

“అవతలి దిక్కు సుశీల ఇంట్ల పొద్దుగాల్నే నల్లా తిప్పిండ్రు. ఇవతలి దిక్కు పైపు ముక్క కూడ రాలే. అవతల మనుషులు, ఇవతల మేకలా?”

“నా చేతుల ఏం లేదు పెద్దమ్మా. మురళి సార్ ఫోన్ చేసిండు. కాంట్రాక్టరు ఆయన, నేను కాదు. ఇవతలి దిక్కు ఇడిచిపెట్టు, గుంత పూడ్చు, తారు పొయ్యి అన్నడు.”

“ఎందుకట?”

“కిరాయి.”

“నా ఇంటికి కిరాయేంది? నా మొగుడు కట్టిచ్చిన ఇల్లు!”

“నీ ఇంటికి కాదు, రోడ్డుకు. కొత్త రూల్ వచ్చింది పెద్దమ్మా. రద్దీ రోడ్డు తవ్వితె, గుంత తెరిచి ఉన్నన్ని గంటలు తవ్వినోడే కిరాయి కట్టాలె. మూస్తె మీటరు ఆగుతది. ఆటో లెక్క అనుకో.”

“మంచి రూలే.”

“ఏంది?”

“మంచి రూలే అంటున్న. గుంత తవ్వి పోతె, బోనాలు పొయ్యి మల్ల బోనాలొచ్చినా మూసేటోడు లేకుండె. బస్సులాగుడు, ఆటోలాగుడు, అంబులెన్సు గూడ ఆగుడు. నేను గూడ పడ్డ ఒకపారి. మీకు గట్లనే కావాలె.”

“మల్ల లొల్లెందుకు చేస్తున్నవ్?”

“జల్దీ పని చేసి జల్దీ మూస్తరని పెట్టిండ్రు గా రూల్. పని చెయ్యకుండనే మూసి ఉరుకుతరని పెట్టలే. మా దిక్కు మీరు తవ్వనే లే కద!”

“ఎట్ల తవ్వాలె? నీ ఇంటి దాంక సగం రోడ్డు కొయ్యాలె. మిషను పెట్టి పగలగొట్టాలె. పొద్దుగూకే దాంక పని. అంతసేపు కిరాయి అంటె మురళి సార్ ఒప్పుకోడు.”

“రాత్రి తవ్వు.”

“శాలిబండల రాత్రేడిది పెద్దమ్మా? తెల్లారే దాంక బిర్యానీ, చాయ్, పాన్. రాత్రి గూడ మీటరు తిరుగుతది.”

“సరే, రేపు తవ్వు.”

“ఇయ్యాల తారు పోస్తరు. ఒకపారి తారు పోసినంక ఏండ్ల దాంక ముట్టనియ్యరు. అదో రూల్.”

“అంటె నేను సచ్చేదాంక గా సుశీల ఇంటికెళ్ళి బిందె మోస్కుంట, బస్సుల నడుమ ఉర్కాల్నా? మొన్న ఒక షేరింగ్ ఆటోవాడు ‘మర్నా హై క్యా అమ్మా’ అన్నడు, సస్తవా అని. బిందె ఎత్తి వాని అద్దం మీద కొట్టబుద్ధయింది. నీళ్ళు పోతయని కొట్టలే.”

“నాకు బాధ లేదనుకుంటున్నవా? మస్తు బాధయితుంది. గని కిరాయి పడితె నీ జీతంల కోస్త అన్నడు సార్.”

“రాజన్నా.”

“ఆఁ.”

“మొన్న మూల మీద పెండ్లి జరిగింది. సగం రోడ్డు మీద టెంటేసిండ్రు. కిరాయి కట్టిండ్రా?”

“పెండ్లికి కిరాయేంది పెద్దమ్మా?”

“దావతుకు?”

“లేదు.”

“సావుకు?”

“సావుకు ఎవడడుగుతడు? పోలీసోడే నిలబడి బండ్లను మళ్ళిస్తడు. పోతపోత దండం గూడ పెడ్తడు.”

“అయితె నేను సచ్చిన.”

“ఏంది?”

“సచ్చిన అంటున్న. ఇప్పుడే పానం పోయింది. టెంటు వెయ్యి.”

“పెద్దమ్మా! పొద్దుగాల పొద్దుగాల ఏం మాటలియ్యి!”

“టెంటు కింద ఏం చేస్తున్నరో ఎవనికి కనబడ్తది? ముంగట కుర్చీలెయ్యి. ఎనుక తవ్వు.”

“మిషను సప్పుడు? చార్మినార్ దాంక ఇనబడ్తది.”

“సావన్నంక డప్పుండదా? సీమోనును పిలువు. వాడు కొడ్తె నీ మిషను సిగ్గుపడ్తది.”

“వద్దు పెద్దమ్మా, పాపం తగుల్తది.”

“సచ్చేది నేను, పాపం నీకెట్ల తగుల్తది? రేపు నిజంగనే సస్త. పీనుగకు తానం పొయ్యాలె గద. గా నీళ్ళు యాడికెళ్ళి తెస్తవ్? సుశీల ఇంటికెళ్ళేనా?”

“కుర్చీలు ఎన్ని తెప్పియ్యాలె?”

“మస్తు తెప్పియ్యి. సస్తె గనంగ సావాలె.”

*

మధ్యాహ్నం. సగం రోడ్డు మీద షామియానా, గుమ్మం ముందు కుండలో నిప్పు, డప్పుల మోత. రోడ్డు కిరాయి వేసే ఇంజనీరు స్రవ్య స్కూటీ దిగింది.

“ఏమయ్యా రాజన్నా, గుంత మూసిండ్రా?”

“మూసినం మేడం. మూసినం. అంటె, మూస్తుంటిమి. ఇంతల గీ సావయింది.”

“అయ్యో. ఎవరు?”

“కాశమ్మ అని, గీ ఇంటి ముసలామె. మంచిది మేడం. నోరు జర ఎక్కువ గని, మంచిది.”

“ఎవరికిరా నోరెక్కువ?”

“ఈమె ఎవరు రాజన్నా?”

“ఈమె, ఈమె సచ్చినామె చెల్లె మేడం. యశోద.”

“అవు బిడ్డా, యశోద. అక్క పోయింది. గీ గుమ్మంల కూసోని, నల్లా నల్లా అనుకుంటనే పోయింది. నోరెక్కువ గాదు ఆమెకు, బంగారమసొంటిది. గీ రాజన్నకేం తెలుసు.”

“సారీ అమ్మా. రాజన్నా, ఎప్పుడు తీసుకపోతరు?”

“చుట్టాలు రావాలె మేడం. ఉప్పుగూడ నుంచి.”

“ఉప్పుగూడ ఎంత దూరమని? నేను ఆడికెళ్ళే వచ్చిన ఇప్పుడు.”

“వాళ్ళు నయాపూల్ మీదికెళ్ళి తిరిగొస్తున్నరు మేడం.”

“నయాపూల్? అటు దిక్కు ఎందుకు పోయిండ్రు?”

“ఇటు రోడ్డు బందున్నది కద.”

“ఎందుకు బందున్నది?”

“సావున్నది కద మేడం.”

“… సరే. ఆ సప్పుడేంది?”

“డప్పు మేడం. సీమోను. మస్తు కొడ్తడు.”

“డప్పు కాదు. డప్పు ఎనుకల, గుర్రుమని.”

“అది జనరేటరు. ఫ్రీజర్ డబ్బకు. ఎండలున్నయి కద, పీనుగ కరాబైతది. సీమోనూ, ఆపకురా! ఆపకు! … దుఃఖం మేడం. వాని చెయ్యి ఆగుతలేదు.”

“గది బోనాల దరువు లెక్క ఉన్నది?”

“మా అక్కకు బోనాలంటె పానం బిడ్డా.”

“మరి కుర్చీల ఎనుక ఆ మట్టి కుప్పేంది రాజన్నా?”

“మేం మూసిన గుంతది మేడం.”

“మూస్తె మట్టి గుంతల ఉండాలె కద?”

“ఎక్కువయింది.”

“ఎక్కువయిందా?”

“మంచి గుంత మేడం.”

“ఊకో రాజన్నా, ఆ పోరిని గట్ల నిలబెట్టి మాట్లాడ్తవేంది? బిడ్డా, ఎండల వచ్చినవ్, మొఖమంత కందిపోయింది. కుర్చీల కూసో. చాయ్ తాగుతవా? అల్లమేసిన. ఇప్పుడే దించిన.”

“ఇప్పుడే దించిండ్రా?”

“ఆఁ, వేడివేడిగ.”

“ఈ ఇంట్లనా?”

“మల్ల యాడ?”

“పీనుగ ఇంట్ల ఉండంగ పొయ్యి వెలిగిచ్చిండ్రా అమ్మా? మా దిక్కు పీనుగ లేచేదాంక పక్కింటోళ్ళు గూడ వెలిగియ్యరు.”

“పెద్దమ్మా, సంపినవ్ కద.”

“ఏం చెయ్యాలె రాజన్నా? పొద్దుగాల సంది సచ్చి ఉన్న, కడుపుల ఒక్క చుక్క పడలే. తలకాయ పగులుతుంది.”

“యశోదమ్మా, మీ పేరేంది?”

“కాశమ్మ.”

“అనుకున్న. రాజన్నా, ముందుగాల ఆ జనరేటరు ఆపియ్యి. డప్పు గూడ. … ఏందిది? కిరాయి ఎగ్గొట్టనీకి బతికున్న మనిషిని సంపినవా? మీ మురళి చెప్పిండా?”

“లేదు మేడం, సార్‌కు తెల్వనే తెల్వదు. తెలిస్తె నన్ను నిజంగనే సంపుతడు.”

“వాన్ని అనకు బిడ్డా. సస్త అన్నది నేనే. వాడు వద్దన్నడు, పాపమన్నడు, నేనే ఇనలే.”

“ఎందుకమ్మా గిట్ల? నల్లా కోసమా?”

“మల్ల దేనికోసం? షోకుకు సచ్చిననా? గీ రోడ్డు నేను ఊడ్చిన బిడ్డా. మీ సర్కారు జీతానికే, తెల్లారకముందు లేచి, నడుము వంగేదాంక ఊడ్చిన. గుట్కా పాకిట్లు, పాన్ ఉమ్ములు, పెండ్లిండ్ల ఇస్తారాకులు, పీనుగుల మీద చల్లిన పూలు, అన్నీ గీ చేతులతోనే ఎత్తిన. ఎన్నడన్న రోడ్డు నాది అన్ననా? ఇయ్యాల గా రోడ్డు కిందికెళ్ళి నాకు నాలుగు బిందెల నీళ్ళు రావాలంటె మీటరు తిరుగుతదట. నాకు కోపమొస్తుంది. మస్తు కోపమొస్తుంది. నువ్వు చిన్నదానివి, నిన్ను తిట్టబుద్ధి గాదు, గని తిడ్త.”

“తిట్టుండ్రి. కానీ ఆ రూల్ లేకపోతె ఈ గుంత ఎన్నేండ్లుండేదో మీకు తెల్వదా? రూల్ చెడ్డది కాదమ్మా.”

“మంచిదని నేనే అన్న. అడుగు వాన్ని.”

“అన్నది మేడం. సచ్చేముందు గదే అన్నది.”

“నువ్వు ఊకో రాజన్నా. ఇవతలి దిక్కు ఎవ్వరికీ నల్లా ఇయ్యలేదా?”

“ఎవ్వరికీ ఇయ్యలే మేడం. ఈ వరుస మొత్తం ఇడిచిపెట్టమన్నడు సార్. జల్దీ పోవాలె, కిరాయి పడొద్దు, గంతే.”

“పని రెండు దిక్కులది కద?”

“రెండు దిక్కులదే. బిల్లు గూడ రెండు దిక్కులదే పెడ్తడు.”

“… ఆగుండ్రి. మా సార్ ఫోన్. ఇద్దరూ నోరు ముయ్యుండ్రి. … హలో సార్. శాలిబండల్నే ఉన్న సార్. గుంతనా? గుంత సార్…”

“మేడం, పిల్లలున్నరు నాకు…”

“ష్! … ఏం లేదు సార్, ఇక్కడ ఎవరో ఏడుస్తున్నరు. సావయింది సార్. అవును, టెంటేసిండ్రు, సగం రోడ్డు. అందుకే ట్రాఫిక్ సార్. … ముసలామె. మన దగ్గరనే పని చేసి రిటైరైంది, ఈ రోడ్డే ఊడ్చిందట. … కిరాయా? సావుకు కిరాయెట్ల వేస్త సార్, జనం కొడ్తరు. … పేరా? పేరు కనుక్కోలే సార్, ఈ టైంల ఏం అడుగుత. … ఓకే సార్. దండ నేనే వేస్త. ఓకే.”

“బిడ్డా! నువ్వు సల్లగుండాలె! వెయ్యేండ్లు బతకాలె!”

“ఏం సల్లగుండుడు? మీ ఇద్దరికి దిమాక్ ఉన్నదా? రాజన్నా, ఇన్నేండ్ల సంది రోడ్ల మీద పని చేస్తున్నవ్. నీకన్న తెల్వదా?”

“తప్పయింది మేడం.”

“తప్పే. పెద్ద తప్పు. సావు టెంటు పొద్దుగూకితె పీకాలె. అంతల ఈమె ఒక్కదాని ఇంటికే పైపు వస్తది. వరుసల మిగిలిన ఇండ్లోళ్ళ సంగతేంది? రోజుకొకరు సావాల్నా?”

“మల్ల ఏం చెయ్యాలె మేడం?”

“పెండ్లని చెప్పాలె! పెండ్లి టెంటు మూడు దినాలు ఎవ్వడూ ముట్టడు.”

“మా వరుసల పెండ్లీడుకొచ్చినోళ్ళు ఎవ్వరు లేరు బిడ్డా. అందరు అయిపోయినోళ్ళే. నేనే చేసుకుందమంటె, పొద్దుగాల్నే సచ్చిపోతి.”

“నాకింకా పెండ్లి కాలే. రేపటి టెంటు మీద నా పేరు రాయించుండ్రి.”