పట్టుగౌనులో పందుల పిలుపు

మీకేం, ఈ పచ్చగడ్డి కింద హాయిగా పడుకున్నారు. ఆ బ్యూలాతో వేగేది నేను కదా!

ఇంకెవరండీ, పాస్టరుగారి భార్య. కౌంటీ సంతలో చర్చి తరఫున చైనా డేరా వేస్తారట. నేను పట్టుగౌను తొడుక్కుని, విసనకర్ర పట్టుకుని అందులో కూర్చోవాలట. "మాట్లాడక్కర్లేదు మేవిస్. సిగ్గుగా నవ్వితే చాలు. మీ వాళ్లకది పుట్టుకతోనే వస్తుందిగా" అంది.

మా వాళ్లట! నేను పుట్టింది ఈ గ్రీన్‌విల్‌లో, మా నాన్న పచారీ కొట్టు వెనక గదిలో. మిసిసిపీ నీళ్లు తాగి పెరిగినదాన్ని. మా తాతలు వదిలొచ్చిన ఆ చైనా ఏ మూలుందో నాకేం తెలుసు? ఆ గౌనైనా బ్యూలా తెచ్చిందే. మెడ దగ్గర చూద్దును కదా, మెక్సికోలో కుట్టిందట.

మరెందుకు ఒప్పుకున్నావంటారా? నోరు పెగల్లేదండీ. మీ అమ్మగారు, "కోడలి గొంతు గల్లాపెట్టె దాటకూడదు" అనేది కాదూ? ఆవిడ పోయి ఎన్నాళ్లయినా నా గొంతు మాత్రం గల్లాపెట్టె వెనకే ఉండిపోయింది.

సరే, వెళ్లి కూర్చున్నాను. ఒళ్లంతా చెమట. వచ్చినవాళ్లంతా నాతో చెవిటిదానితో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి అరుస్తున్నారు. ఇంగ్లీషు వచ్చా అని ఓ పెద్దాయన అడిగాడు. మీకంటే నయమే అని నాలుక చివరిదాకా వచ్చింది. ఏం చేశాను? సిగ్గుగా నవ్వాను.

పక్కనే పందుల్ని పిలిచే పోటీ. మీకు తెలియందేముంది, ఏటా ఉండేదే. ఒక్కొక్కడూ వేదికెక్కి గొంతు చించుకుంటున్నాడు. అవతల దొడ్లో పందులు తలైనా ఎత్తట్లేదు. ఇంకెవరైనా ఉన్నారా అని మైకులో అడిగారు. ఎవరో వేళాకోళానికి నా వైపు చెయ్యి చూపించారు. బ్యూలా పకపకా నవ్వింది.

"మేవిసా? పాపం, దోమని కూడా గట్టిగా అదిలించదు" అంది.

నాకేమైందో తెలీదండీ, లేచాను. గౌను మోకాళ్లదాకా ఎగదోసుకుని వేదికెక్కాను. విసనకర్ర జడ్జీగారి చేతిలో పెట్టాను. పెడితే ఆయన పాపం విసురుకోవడం మొదలెట్టాడు. ఇక అరిచాను. కడుపు అడుగునుంచి.

ముందు ఒక పంది తల తిప్పింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత దొడ్డి తలుపు ఊడింది. మందంతా తిన్నగా చైనా డేరాలోంచి దూసుకొచ్చింది. కాగితం లాంతర్లు, టీ కప్పులు, అన్నీ గోవిందా. బ్యూలా బల్లెక్కి నిలబడి ఏసుప్రభువుని పిలుస్తోంది. ఆవిడ గొంతూ తీసిపారేయదగ్గదేం కాదు.

మొదటి బహుమతి నాకే. పత్రికావిడ పరుగున వచ్చి, ఇది ప్రాచీన చైనా విద్యా అనడిగింది. "కాదమ్మా, మన మిసిసిపీ డెల్టా ఆడదాని అరుపు" అన్నాను. తెల్లారి పేపర్లో ఏం వేశారనుకున్నారు? తూర్పుదేశపు పురాతన మంత్రమట. పోనీండి, వాళ్ల ఖర్మ.

మీకొక్కరికే చెబుతున్నాను, కోప్పడకండి. అది మంత్రం కాదు. మీ పేరు. "ఓ...టిస్" అని. కాపురం చేసినన్నాళ్లూ ఒక్కసారైనా నోరారా పిలవలేదు కదా, నోరు తెరిస్తే అదే వచ్చింది.

పందులన్నీ వచ్చాయండీ. మీరే రాలేదు.