ఏడవ తెర మీది పేర్లు

1996వ సంవత్సరం జూన్ నెల మూడవ తేదీ, సోమవారం. ఆ ఉదయం ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంది, గాలి లేదు, దక్షిణం వైపు జానెడు మేర మాత్రం తెల్లగా విడివడి ఉంది, వాన పడలేదు. ఇది నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. మన జలాశయం గట్టు మీద నీటిమట్టం రాసే పుస్తకంలో ఆకాశస్థితికని ఒక గడి ఉంటుంది. ఆ రోజుల్లో ఆ గడి నింపడం నా పని కనుక, ఆ నాలుగు మాటలూ నా చేతిరాతతోనే ఉన్నాయి. నేడు పదవీ విరమణ చేస్తున్న మన కంప్యూటరు విభాగాధికారిణి గారు, రికార్డుల విభాగంలో టైపిస్టుగా, ఈ నీటి సరఫరా కార్యాలయంలో అడుగుపెట్టినది ఆ ఉదయమే.

మనందరం ఆమెను అక్కగారు అనే పిలుస్తాం. చీఫ్ ఇంజనీరు గారు సైతం, కోపం వచ్చినప్పుడు తప్ప, అలాగే పిలుస్తారు. కనుక ఈ వ్యాసంలోనూ ఆ పిలుపే ఉంచుతున్నాను. ఈ వీడ్కోలు సంచికకు వ్యాసం రాయమని కమిటీ వారు అడిగినప్పుడు, ఊరి బడిలో చదివినవాణ్ణి, మాట్లాడటమే అంతంతమాత్రం, నా వల్ల కాదన్నాను. మర్నాడు నేనే వెళ్లి రాస్తానన్నాను. అక్కగారికి చెప్పవలసి ఉండి ఎనిమిదేళ్లుగా చెప్పని మాట ఒకటి నా దగ్గర ఉంది. నోటితో చెప్పడం చేతకాలేదు. అది ఈ వ్యాసంలో తన చోటికి వచ్చినప్పుడు రాస్తాను.

రికార్డుల గది అప్పట్లో ఎలా ఉండేదో ఇప్పటివారికి తెలియదు. రెండు కిటికీలు, అందులో ఒకటి రంగు వేసినప్పుడు అంటుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు. ఇనుప బీరువాల మీద గొట్టాల పటాలు చుట్టలు చుట్టి, గుడ్డపీలికలతో కట్టి, ఏది ఏ వీధిదో ఎవరికీ తెలియకుండా పడి ఉండేవి. అక్కగారు టైపు పని ముగించుకుని, మిగిలిన పొద్దులో రోజుకొక చుట్ట విప్పి, దుమ్ము దులిపి, పేరు రాసి, వరుసలో పెట్టేవారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. రెండేళ్లకు ఆ పని పూర్తయింది. ఏ వీధి కింద ఏ గొట్టం ఉందో తెలుసుకోవడానికి వీధి తవ్వి చూడవలసిన అగత్యం ఆ తరువాతనే మనకు తప్పింది.

టైపు చేసే ప్రతి ఉత్తరాన్నీ చదవడం ఆమెకున్న మరొక అలవాటు. ఒకమారు పై అధికారి ఇచ్చిన చిత్తులో ఒకే గొట్టం అడ్డుకొలత మొదటి పేజీలో ఒక విధంగా, మూడవ పేజీలో ఇంకొక విధంగా ఉంటే, ఆమె రెండు కాగితాలూ పట్టుకుని ఆయన బల్ల ముందు నిలబడ్డారట. ఆయన విసుగ్గా, మీ పని టైపు కొట్టడం కదమ్మా అన్నారట. కొడతానండీ, ఏది కొట్టమంటారో చెప్పండి అని ఆమె అక్కడే నిలబడ్డారట. ఆయన కళ్లజోడు వెతుక్కోవలసి వచ్చింది.

2008లో కంట్రోల్ రూము వచ్చింది. అంతవరకు వాల్వు తిప్పాలంటే సైకిలెక్కి, భుజాన ఇనుప తాళపుచెవి మోసుకుంటూ వెళ్లేవాళ్లం. ఆపైన కుర్చీలో కూర్చుని తెర మీద బటన్ నొక్కితే చాలన్నారు. బయటి సంస్థ ఒకటి అరవై నాలుగు తెరలు తయారుచేసి ఇచ్చింది. అక్కగారు అప్పుడే కంప్యూటరు విభాగానికి బదిలీ అయ్యారు. నేను ఆపరేటరునయ్యాను.

ఆ తెరల్లో ఏడవది కొండ మీది ట్యాంకుది. అందులో బజారు లైనుకు ఒక బటన్, దాని పక్కనే ఆసుపత్రి లైనుకు మరొకటి. తయారుచేసినవారి పొరపాటున ఆ రెండింటి పేర్లూ తారుమారయ్యాయి. బజారు అని రాసి ఉన్నది నొక్కితే ఆసుపత్రి వాల్వు కదిలేది. ఆసుపత్రి అని ఉన్నది నొక్కితే బజారుది కదిలేది. ఆ సంస్థకు మనవాళ్లు రెండు ఉత్తరాలు రాశారు, జవాబు రాలేదు. తరువాత అందరికీ అలవాటైపోయింది. కొత్తగా చేరిన ఆపరేటరుకు మొదటి రోజు చెప్పే మొదటి మాట, ఏడో తెర మీద పేర్లు చూడకు, చోటు గుర్తుపెట్టుకో అని. కొన్నాళ్లకు అది పొరపాటన్న సంగతే మాకు గుర్తులేదు. మా గదికి అదొక ఆచారమైంది.

2017 నాటికి ఆ తెరలు నడిపే యంత్రాలు ముసలివయ్యాయి. అయిదింటిలో మూడు మూలపడ్డాయి. తయారుచేసిన సంస్థ మూతపడింది. పాత ప్రోగ్రాము కొత్త యంత్రాల మీద నడవదని తేలింది. అరవై నాలుగు తెరలూ మళ్లీ మొదటినుంచి గీయాలని, అందుకు పద్నాలుగు నెలలు పడుతుందని వేరొక సంస్థ వారు చెప్పారు. మిగిలిన రెండు యంత్రాలు పద్నాలుగు నెలలు బతుకుతాయని ఎవరికీ నమ్మకం లేదు.

ఆ సమావేశంలో అక్కగారు లేచి, ప్రోగ్రాము పోయినా తెరల వివరం పోలేదని చెప్పారు. ఒక్కొక్క తెరకు ఒక్కొక్క ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఉందనీ, అది మామూలు అక్షరాల ఫైలేననీ, తెర మీది కిటికీ ఎంత, అందులో చట్రమేది, చట్రంలో బటన్ ఏది, బటన్ మీద పేరేమిటి, నొక్కితే జరగవలసిన పని ఏమిటి అన్నదంతా కోణపు గుర్తుల మధ్య ఒకదానిలో ఒకటిగా రాసి ఉందనీ, ఆ ఫైళ్లను చదివి తెరలను తిరిగి నిలబెట్టే స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము రాయవచ్చుననీ విన్నవించారు. రాసేదెవరని అడిగారు చీఫ్ ఇంజనీరు గారు. నేర్చుకుని నేనే రాస్తానన్నారు. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు.

ఆ నేర్చుకోవడం ఎలా సాగిందో వారి శ్రీవారు నాకు చెప్పారు. ఆయన కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనివారు, మాటకారి. భోజనాల బల్లకు ఒక పక్క తల్లి, ఎదుటి పక్క పరీక్షలకు చదివే కూతురు. అక్కగారి మొదటి స్క్రిప్టు ఫైలును వరుస వరుసగా చూస్తూ, బటన్ అన్న మాట కనబడగానే దాని పక్కనున్న పేరు పట్టుకునేది. అరవై నాలుగు తెరల్లో ఆరు చోట్ల పేరుకూ పనికీ పొంతన లేదని చెప్పింది. కాని కొన్ని బటన్లకు అసలు పేరే లేదని కూడా చెప్పింది. అక్కగారు మూడు రోజులు తల పట్టుకున్నారు. నాలుగవ రోజు కూతురు తన పుస్తకం మూసి తల్లి పనికేసి చూసింది.

“అమ్మా, నువ్వు ఫైలు చదవట్లేదే, వెతుకుతున్నావు.”

“రెండూ ఒకటే కదటే?”

“పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె ఉంటే పై మూత మీద పేరు లేదని వదిలేస్తావా? పేరు లోపలి పెట్టె మీద ఉంది. విప్పుకుంటూ పో.”

అప్పటినుంచి స్క్రిప్టు వరుసలు చూడటం మాని, పెద్ద పెట్టెతో మొదలుపెట్టి లోపలివి ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయింది. పేరులేని బటన్లన్నిటికీ పేర్లు దొరికాయి. పొంతన లేనివి ఆరు కాదు, తొమ్మిదని తేలింది. ఆ నెల రోజులూ వంట ఆయనదేనట. ఉప్పు వేయడం మరిచిన రోజున కూడా తల్లీకూతుళ్లకు తెలియలేదనీ, తాను మాత్రం రెండు పూటలూ అనుభవించాననీ ఆయన నాతో చెప్పారు.

ఇక్కడ అక్కగారు ఒక పొరపాటు చేశారు. అభినందన వ్యాసంలో పొరపాట్లు రాయకూడదంటారు. కాని ఆమెకు అబద్ధపు కాగితం నచ్చదు. పన్నెండేళ్లు రికార్డులతో గడిపినవారు కనుక, రాసి ఉన్న పేరే సరైనదని నమ్మి, పేర్లు అలాగే ఉంచి, ఆ పేరుకు తగినట్లుగా పనిని మార్చారు. బజారు అని ఉన్న బటన్ ఇకమీదట బజారు వాల్వునే కదుపుతుంది. చూడటానికి అంతకంటే న్యాయమైనది లేదు. మార్చిన బటన్ల జాబితా అచ్చువేసి కంట్రోల్ రూము గోడకు అంటించి, మా అందరి ముందూ చదివి, ఎవరైనా ఏమైనా చెప్పాలా అని అడిగి, సంతకాలు తీసుకున్నారు.

కొత్త తెరలు మొదలైన మూడవ రోజు, ఉదయం ఆరూ నలభైకి, బజారులో గొట్టం పగిలిందని ఫోను వచ్చింది. కుర్చీలో ఉన్నది నేను. నా చేయి తొమ్మిదేళ్లుగా పోయే చోటికే పోయింది. బజారులో నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఆసుపత్రి లైను మూతపడింది. ఆసుపత్రి వాళ్లు ఫోను చేసేవరకు, ఇరవై నిమిషాలపాటు, నాకు తెలియలేదు. వాళ్ల మేడ మీది ట్యాంకులో నీళ్లుండబట్టి ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఒక శస్త్రచికిత్స మధ్యాహ్నానికి వాయిదా పడింది.

వారం తిరక్కుండా విచారణ జరిగింది. ఇరవై ఏళ్లు దాటినా నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. అక్కగారి పదోన్నతి కాగితాలు చీఫ్ ఇంజనీరు గారి సంతకానికి వచ్చి ఉన్నాయి. మా షిఫ్టు ఇన్‌ఛార్జి గారు, జాబితా మీద ఇతని సంతకం ఉంది, తప్పు ఇతనిదే అన్నారు. చీఫ్ ఇంజనీరు గారు నన్ను, నీకు జాబితా అర్థమైందా అని అడిగారు. సరిగా అర్థం కాలేదండీ అన్నాను. అప్పుడు అక్కగారు లేచారు.

“ఫైల్లో ఉన్నది చదివాను సార్. వీళ్ల చేతులు ఎటు పోతాయో ఫైల్లో ఉండదు, ఆ గదిలో ఉంటుంది. నేను వెళ్లి కూర్చుని చూడాల్సింది. చూడలేదు. తప్పు నాది.”

“ఆ మాట రాసిస్తారా? మీ పదోన్నతి ఫైలు నా బల్ల మీదే ఉంది, తెలుసుగా?”

“తెలుసు సార్. రాసిస్తాను, దాని పక్కనే పెట్టండి.”

రాసిచ్చారు. ఆ ఏడు పదోన్నతి వేరొకరికి దక్కింది. ఆమెకు రావడానికి మరి నాలుగేళ్లు పట్టింది. నాకు మందలింపుతో సరిపోయింది. మరుసటి ఏడు నా ఉద్యోగం ఖాయమైంది.

విచారణ ముగిసిన మర్నాటినుంచి పదకొండు రోజులు ఆమె మా గదిలో ఒక ఎత్తుపీట మీద కూర్చున్నారు. తెరలకేసి చూడలేదు. మా చేతులకేసి చూశారు. ఎవరు చూసి నొక్కుతున్నారో, ఎవరు చూడకుండా నొక్కుతున్నారో చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకున్నారు. టీ తాగే గ్లాసు కూడా చూడకుండా అందుకుంటారే మీరు అని ఒకరోజు నవ్వారు. తరువాత స్క్రిప్టును తిరగరాశారు. ఈసారి పనులను యథాస్థానంలో ఉంచి, పేర్లను మార్చారు. చేయి పాత చోటికే పోయింది. ఆ చోట ఇప్పుడు నిజమైన పేరు ఉంది. పద్నాలుగు నెలల పని అయిదు నెలల్లో ముగిసింది. ఆనాటినుంచి ఈనాటివరకు, ఏ కొత్త తెర వచ్చినా, ముందు స్క్రిప్టు దాన్ని చదువుతుంది. ఆ తరువాత కంప్యూటరు విభాగం వారొకరు మా గదికి వచ్చి మూడు రోజులు కూర్చుంటారు. ఆ రెండవ నియమం ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. అక్కగారు పెట్టారు కనుక జరుగుతోంది.

ఇప్పుడు నేను చెప్పవలసిన మాట. ఆ జాబితా నాకు అర్థమైంది. గోడకు అంటించిన రోజునే రెండుసార్లు చదివాను. ఏడవ తెర దగ్గర చేయి తప్పుతుందని అప్పుడే తోచింది. ఆమె అందరి ముందూ అడిగినప్పుడు ఆ మాట నాలుక మీదికి వచ్చింది. ఇన్‌ఛార్జి గారు గడియారం చూసుకుంటున్నారు. నా వంతు రాగానే సంతకం పెట్టాను. విచారణలో అర్థం కాలేదన్నది అబద్ధం. ఊరి బడిలో చదివినవాడికి అర్థమై ఉండదులే అని అందరూ సులువుగా నమ్మారు, నేను నమ్మనిచ్చాను. నాలుగేళ్లు ఆమె నష్టపోయినది నేను నోరు విప్పనందువల్ల. ఇది ఆమె కుటుంబం కూడా చదవాలనే ఈ సంచికలో రాస్తున్నాను.

అక్కగారు ఇకమీదట ఏ ఫోనుకూ ఉలిక్కిపడకుండా నిద్రపోవాలని, చూపు చెదరకుండా మోకాలు నొవ్వకుండా చాలా చాలా ఏళ్లు ఆరోగ్యంగా ఉండాలని, శ్రీవారితో అమ్మాయితో కలిసి తీరికగా కాలం గడపాలని ఈ కార్యాలయంలోని అందరి తరఫునా, నా తరఫున కాస్త ఎక్కువగానూ, కోరుకుంటున్నాను.

వ్యాసం ఇక్కడితో అయిపోయింది. అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకు చూపించడం న్యాయమనిపించి, మొన్న మధ్యాహ్నం భోజనాల వేళ కాగితాలు తీసుకుని ఆమె గదికి వెళ్లాను. పెన్సిలు తీసుకుని మొదటినుంచి చదివారు. జాబితా నాకు అర్థమైందన్న చోట పెన్సిలు ఆగింది. ఆ పేరా మళ్లీ చదివారు.

“తీసెయ్యమంటారా అక్కగారూ?” అన్నాను.

“ఉండనీ,” అన్నారు. కాసేపటికి కాగితాలు వెనక్కి తిప్పి, “ఇరవై నిమిషాలు కాదు, ఇరవై రెండు. అది దిద్దు,” అన్నారు.

దిద్దకుండా ఇక్కడే రాస్తున్నాను, ఆమె దిద్దినట్లు తెలియాలని. కాగితాలు పక్కన పెట్టి, క్యారియరు విప్పి, బల్ల దగ్గర కాస్త జరిగి నాకు చోటిచ్చారు. మూతలో సగం వడ్డించి నా వైపు తోశారు. ఆమె తిన్నారు, నేను తిన్నాను.