ఏడు వారాల సంతాపం

కలకత్తా బెహాలాలో ఒక ఆక్యుపంక్చర్ క్లినిక్. సిగరెట్ మానాలనుకునే వాళ్లు లోపల కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకాయన్ని భార్య బయట మెట్ల మీదికి లాక్కొచ్చింది.

"మీరు మరిచిపోయిన కళ్లజోడు ఇద్దామని వచ్చి, ఫలానా ఆయన భార్యనన్నాను. ఒకావిడ దయ్యాన్ని చూసినట్టు 'దుర్గ, దుర్గ' అని దేవిని తలుచుకుంటూ వెనక్కి నడిచింది. నేను చచ్చిపోయానని చెప్పారా?"

"మెల్లగా. వింటారు."

"విననివ్వండి! చచ్చినదానికి సిగ్గేంటి? నేను పోయి ఎన్నాళ్లయింది?"

"ఏడు వారాలు. మొదటిరోజు చెవులకు సూదులు పెట్టి, గుండ్రంగా కూర్చోబెట్టి, సిగరెట్ వల్ల ఏం పోగొట్టుకున్నారో చెప్పమన్నారు. నా నోట నీ పేరొచ్చేసింది."

"అబద్ధమని మర్నాడైనా చెప్పొచ్చుగా?"

"అందరూ ఏడ్చారు. పక్కన కూర్చున్న హరాధన్‌బాబు నా చెయ్యి వదల్లేదు. అప్పట్నుంచీ అగ్గిపుల్ల గీయబోతే నువ్వు నిజంగానే పోయినట్టుండేది. నిజం చెబితే మళ్లీ కాలుస్తానేమోనని భయం."

"ఎలా చచ్చానట?"

"దగ్గి దగ్గి."



"నా దగ్గు మీకు వినబడుతోందా? నోట్లో కొంగు కుక్కుకుంటున్నా కదా!"

"ఆర్నెల్లుగా వింటున్నాను. డాక్టరు దగ్గరికి పద అనే ధైర్యం లేకపోయింది."

"ముప్పయ్యేళ్లు మీ పొగ పీల్చాను. ఆ ఒక్క మాట అనలేకపోయారా? లేవండి."

"ఎక్కడికి?"

"లోపలికి. నేను బతికున్నానని మీ నోటితోనే చెప్పండి. తర్వాత నా ఊపిరితిత్తులు ఎవరికి చూపించాలో మీకు సూదులు పెట్టే డాక్టర్నే అడుగుదాం."

"నువ్వూ పక్కనుంటావా?"

"ఉంటాను. ఉన్నాను కాబట్టేగా ఇంత గొడవ!"