నడిమి గోడ

బూర్గంపాడులో అన్నదమ్ములు కొట్లాడుకొని మధ్యలో గోడ కట్టుకున్న ఇల్లది. అన్న ఇంట్లో ఇంటర్నెట్ పెట్టడానికి మనిషొచ్చాడు. ఇంటామె స్టూలు తెచ్చి ఆ గోడ దగ్గరే వేసింది.

"డబ్బా ఇక్కడ బిగించు బేటా."

"సార్ హాల్ల టీవీ కాడ పెట్టుమన్నడమ్మా."

"సార్ డ్యూటీల ఉన్నడు. ఇంట్ల నేనున్న."

"ఇక్కడ పెడితే సగం సిగ్నల్ అవతలింట్లకే పోతది."

"పోవాల్ననే చెప్తున్న. మా మరిది బిడ్డ ఫరహాకు ఆన్‌లైన్ క్లాసులు నడుస్తున్నయ్. సిగ్నల్ కోసం ఎండల మిద్దెక్కి కూసుంటది."

"పిల్లను పిలిచి పాస్‌వర్డ్ చెప్పరాదూ?"

"మూడేండ్లాయె రెండిండ్లకు మాటల్లేక. మగోళ్ల పౌరుషానికి పిల్ల చదువు ఆగాల్నా?"

"సరే. వైఫైకి పేరేం పెట్టాలె? చుట్టుపక్కల ఫోన్లల్ల గదే కనిపిస్తది."

"ఆ పిల్ల ఫోన్ల గూడానా?"

"అవ్."

"అయితే 'ఫరహా పుట్టినరోజు' అని పెట్టు. పాస్‌వర్డ్ ఆ తారీఖే."

"ఎవరన్న కనిపెడ్తరమ్మా!"

"ఎవరికెరుక? భద్రాచలం దవాఖానాల పిల్లను మొదలు ఎత్తుకున్నది నేను."

"మరి సార్ గా పేరు చూస్తే?"

"చూడనీ. ఆ దినం దవాఖానంతా మిఠాయి పంచింది ఆయనే."

ఆమె తారీఖు చెప్పింది, అతను కొట్టాడు. డబ్బాలో పచ్చలైటు వెలిగింది. కాసేపటికి గోడ అవతల ఎవరో గబగబా మెట్లు దిగారు.

"అమ్మా, ఒక ఫోన్ కనెక్టయింది. మీదేనా?"

"నాది వంటింట్ల బందై ఉంది బేటా. కిందికి దిగు, చాయ్ పెడ్త."