ఏ దిక్కున?

పరీక్షల గదిలో బల్ల మీద కొత్త సెన్సర్లు పరిచి ఉన్నాయి. వాటిని చూసిన కొద్దీ పెద్ద ఇంజనీరమ్మకు ఒళ్లు మండిపోతోంది. డిజైనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పసిబిడ్డ ఊపిరికి వంగాల్సిన పట్టీ ఇది. సన్నటి ఊపిరి తగిలితే ఉలకట్లేదు, పలకట్లేదు. సిలికాన్ గట్టిదనం ఎంత వేశావ్?"

"నూట ముప్పై గిగాపాస్కల్స్, మేడమ్."

"ఏ దిక్కున?"

"దిక్కు రాసి లేదు మేడమ్."

"మీ నాన్న వడ్రంగి కదయ్యా. చెక్కకి నిలువునా అడ్డంగా ఒకటే బలం ఉంటుందా? సిలికానూ అంతే. మన పట్టీ ఉన్న దిక్కున నూట అరవై తొమ్మిది. అందుకే కంప్యూటర్లో బుద్ధిగా వంగింది, ఇక్కడ మొండికేసింది. ఆర్నెల్ల పని బూడిదలో పోశావ్. ఇంతకీ ఆ అంకె ఎవడిచ్చాడు, దారినపోయే దానయ్యా?"

"మీ వెనక గోడ మీదుంది మేడమ్."

ఆమె వెనక్కి తిరిగింది. పాతబడిన కాగితం మీద "సిలికాన్: 130" అని ఉంది. రాత తనదే.

"అనుమానమొస్తే నన్ను అడగడానికేం?" గొంతు మాత్రం తగ్గలేదు.

"అడిగాను మేడమ్. పట్టీ ఏ దిక్కున ఉందో చూడక్కర్లేదా అని."

"నేనేమన్నాను?"

"దిక్కుమాలిన ప్రశ్నలు వెయ్యొద్దన్నారు."