రోడ్డు రోలరుకి విమానం ఇంజను

గ్యారేజీ ఎదుటి టీ కొట్టు బల్ల మీద మేస్త్రీ కూర్చున్నాడు. చెయ్యి మంచిదే, నోటికే హద్దు లేదు. ఎదురుగా టీచరమ్మ కూర్చుంది. చనిపోయిన తన తండ్రి కన్నబిడ్డలా చూసుకున్న పాత కారు ఇంజను విప్పించి బాగుచేయించాలి. దానికి ఇప్పుడు విడిభాగాలు దొరకవు, ఒక్కసారి పాడైందంటే ఇక ఇనుప ముద్దే. అందుకే బండి అప్పగించే ముందు మనిషిని చూసుకుందామని వచ్చింది.

"పాత ఇంజన్లు ఎప్పుడైనా బాగుచేశావా?" అని అడిగింది.

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదమ్మా. ఏదో, తుప్పు పట్టి మూలపడిన రోడ్డు రోలరు ఒకటి నడిపించా, అంతే. దాని ఇంజను చచ్చి ఊరుకుంది. మా మామ పాత ఇనుము కొట్లో పన్నెండు సిలిండర్ల విమానం ఇంజను ఒకటి పడుంది. ఎందుకు వృథా అని తెచ్చి బిగించేశా."

"రోలరుకి విమానం ఇంజనా?" అన్నాడు పక్కనున్న దర్జీ.

"కుట్టుమిషను మోటారు పెట్టమంటావా బావా? తాళం తిప్పానో లేదో, ఆ గాలికి పక్క వీధిలో ఆరేసిన బట్టలు ఆరిపోయి, మడతలు పెట్టుకుని, ఎవరింటికి అవి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేరు వేశా. కంకర పరిచేవాళ్ళు ఇంకా నిద్రే లేవలేదు, నేను రోడ్డు చదును చేసేశా."

"కంకర లేకుండానా?" టీ కొట్టతను గ్లాసులు కడుగుతూ అడిగాడు.

"తర్వాత వేసుకున్నారులే, నువ్వు పాలు పొంగకుండా చూసుకో. ఇంకాస్త తొక్కానమ్మా, నా నీడ వెనకబడిపోయింది. పాపం, సాయంత్రానికి రొప్పుకుంటూ ఇల్లు చేరింది. ఇంజను చప్పుడైతే మర్నాడు గాని రాలేదు. మా ఆవిడే తలుపు తీసి లోపలికి రానిచ్చింది."

"మరి ఆపిందెలా?" అన్నాడు దర్జీ.

"అదీ అడగాల్సిన మాట! బ్రేకు మీద కాలు పెట్టేసరికి రోడ్డంతా ముడతలు పడింది, అచ్చం నువ్వు కుట్టిన చొక్కాలా. ఏం చేస్తాం, రోలరే కదా, వెనక్కి నడిపి ఇస్త్రీ చేసుకుంటూ వచ్చా. ఆ లాగుడికి రోడ్డు సాగి, పక్క ఊరు ఇంకాస్త దూరం జరిగింది. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను తిడుతూనే ఉంటారు."

దర్జీతో పాటు టీచరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి మేస్త్రీకి ఇంకా ఊపొచ్చింది.

"అంత తిప్పితే వేడెక్కలేదా? ఏ ఆయిల్ పోశావు?" అందామె.

"ఆయిలా! అది మామూలు మేస్త్రీలకమ్మా. నా చెయ్యి పడ్డ ఇంజనుకి చుక్క అక్కర్లేదు. పొడి ఇంజను, రోజంతా తిప్పా. చెయ్యి పెట్టి చూస్తే మంచుముక్క!"

ఈసారి దర్జీ నవ్వలేదు. టీ కొట్టతను గ్లాసు కడగడం ఆపాడు. తానేమన్నాడో మేస్త్రీ చెవికి అప్పుడు చేరింది. టీచరమ్మ లేచి నిలబడింది.

"అయ్యో, ఏదో కోతకి అన్నాను గానీ అమ్మా! మీ కారుకి ఆయిల్ పోయకుండా ఉంటానా?"

"కోతలో ఆయిల్ ఊరికే వస్తుంది నాయనా," అంది టీచరమ్మ. "అక్కడే పోయడానికి నీకు చెయ్యి రాలేదు."