గుర్తు లేని గరిటెలు

1979 మార్చి రెండో తేదీ సాయంత్రం, ఇంట్లో బొరుగులు తిని, ఉదయగిరి రహమతుల్లా తను చెక్కిన ఐదు చెక్క గరిటెలూ, కూతురు చాంద్‌బీ చెక్కిన ఐదూ కలిపి రంగనాథం అంగట్లో పెట్టాడు.

"ఆడపిల్ల పని మొరటు, కొననంటివే సెట్టీ. మంచివి ఐదు ఏరు."

"పిడి మీద ఎవురి గుర్తూ లేదేంది సాయిబూ?"

"గుర్తుంటే పేరు చూస్తావు, పని చూడవు. అడుగున నంబర్లుండాయి."

"నీ మొహమే చెప్తాదిలే."

"అందుకే అటు తిరిగి కూర్చుంటా."

రంగనాథం చాలాసేపు తడిమి ఏరాడు.

"అయింది."

"పాప నంబర్లు ఈ కాగితంలో ఉండాయి. నువ్వే విప్పు."

"నేను ఏరినవాట్లో రెండు, మూడు, ఏడు, తొమ్మిది... నాలుగూ పాపవే."

"ఐదోది?"

"నీదే. దిగులు పడబాక."

"మరి పాప సరుకు?"

"సోమవారం నుంచి తీసుకుంటా. తప్పు నాదే."

రహమతుల్లా కళ్లు తుడుచుకోవడం చూడనట్టే, రంగనాథం లేచి, బజారులో ఎవరికీ కనబడకుండా అంగడి తలుపు నెమ్మదిగా మూశాడు.